విశ్వనాథ్ గారి చిత్రములు, మన చప్పట్లు

తెలుగుదేశమున చదువుకొన్న గృహస్థులు సినిమాను గూర్చి మాటాడునపుడు ఒక వాక్యము తప్పక వినబడును: "విశ్వనాథ్ గారు మన సంప్రదాయమును కాపాడిరి." ఈ మాటతో చర్చ ముగియును. అన్నవారును తలయూపుదురు, విన్నవారును తలయూపుదురు. ఇంటిలోని పిల్లలు మాత్రము లేచి పోవుదురు. ఈ వాక్యము పొగడ్తవలె కనబడుచున్నను, నిజమునకు ఆ దర్శకునకు మనము చేయు అపచారమని నా వాదము. ఆయన చిత్రములలో ఉత్తమములైనవి సంప్రదాయమునకు కాపలా కాయుటకై తీయబడినవి కావు. సంప్రదాయము ఎవరి చేతిలో నున్నదో వారిని బోనెక్కించి ప్రశ్నించుటకై తీయబడినవి. ఆ ప్రశ్న మనకు తగులును గనుక మనము దానిని పొగడ్తతో కప్పివేసితిమి.

చదువరులు నన్ను అపార్థము చేసికొనకుందురు గాక. నేను చీమకుర్తిలో బడిపంతులను. సంస్కృతమును, ఇంగ్లీషును చదువుకొని, వానిలో నాకు వచ్చినంత పిల్లలకు చెప్పుచున్నవాడను. విశ్వనాథ్ గారి చిత్రములనిన నాకు మిక్కిలి మక్కువ. 'శంకరాభరణము' తొలిసారి ప్రదర్శింపబడునాటికి మా తరమువారు పసిపిల్లలు, లేదా పుట్టనేలేదు. ఆ చిత్రములలో పెక్కింటిని మేము టెలివిజనులో, పెద్దల ప్రక్కన కూర్చుండి చూచితిమి. 'సప్తపది' చూచి పెద్దలు కన్నీరు తుడుచుకొనుటయు చూచితిమి. ఆ పెద్దలే పెండ్లిసంబంధము మాటాడునపుడు కులము, శాఖ, కట్నము లెక్కవేయుటయు చూచితిమి. ఆ కన్నీటికిని ఈ లెక్కకును నడుమ గల దూరమును గూర్చియే నేను వ్రాయుచున్నాను.

కాశీనాథుని విశ్వనాథ్ గారు మన వైపువారే. 1930 ఫిబ్రవరి 19వ తేదీన గుంటూరు మండలమున, రేపల్లె ప్రాంతమునందలి పెదపులివర్రులో జన్మించిరి. గుంటూరులో కళాశాల చదువు చదివి, మదరాసు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ శాఖలో ఉద్యోగమున ప్రవేశించిరి. ఆదుర్తి సుబ్బారావు గారి వద్ద దర్శకత్వపు మెలకువలు నేర్చి, 1965లో 'ఆత్మగౌరవము' చిత్రముతో తామే దర్శకులైరి. 1980 ఫిబ్రవరి 2వ తేదీన విడుదలైన 'శంకరాభరణము' ఆయన పేరును దేశమంతట వ్యాపింపజేసెను. సరిగా నలువదిమూడు సంవత్సరములకు, 2023 ఫిబ్రవరి 2వ తేదీననే, ఆయన హైదరాబాదులో కన్నుమూసిరి. 2016వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము ఆయనను వరించెను. చిత్రీకరణ స్థలమున ఆయన ఖాకీ దుస్తులలో, పనివారిలో ఒక పనివానివలె నిలుచుండెడివారు.

ఆయన పేరు వినగానే మనకు తట్టునవి వీణ, మృదంగము, గజ్జెలు, గుడిమెట్లు, ఏటియొడ్డు. ఇవి ఆ చిత్రముల అలంకారములేగాని విషయము కాదు. విషయమును చూడగోరువారు వరుసగా చూడుడు. 1972 నాటి 'కాలం మారింది' కులభేదమును గూర్చినది. 1981 నాటి 'సప్తపది' వర్ణాంతర వివాహమును గూర్చినది. 1982 నాటి 'శుభలేఖ' వరకట్నమును గూర్చినది. 1986లో వచ్చిన 'స్వాతిముత్యము' వితంతువు కథ. 1987 నాటి 'స్వయంకృషి' చెప్పులు కుట్టువాని కథ. ఇవన్నియు ఒక శతాబ్దమునకు పైగా మన సంస్కర్తలు పెనగులాడిన విషయములే. సంగీతము, నృత్యము ప్రధానముగా గల చిత్రములలో సైతము ఆయన మరల మరల అడిగిన ప్రశ్న ఒక్కటే: విద్య ఎవరి సొత్తు? దానిని కలవాడు ఎవరికి ఇచ్చును, ఎవరికి నిరాకరించును, నిరాకరించినచో వాని గతి యేమి?

'శంకరాభరణము'నే తీసికొందము. శంకరశాస్త్రి గారు సంగీతమునకై నిలబడిరని మనము చప్పట్లు కొట్టుచున్నాము. ఆయన ఎవరి ఎదుట నిలబడవలసివచ్చెనో మరచుచున్నాము. ఆయనకు కచేరీలు తగ్గుటకు పాశ్చాత్య సంగీతము కారణమని చిత్రము చెప్పుమాట నిజమే. కాని ఆయన పరువునకు తొలి దెబ్బ తగిలినది పాశ్చాత్యుల చేతిలో కాదు, తనవారి చేతిలో. దురదృష్టవంతురాలైన తులసిని ఇంటికి తెచ్చి నీడ నిచ్చినందులకు ఆయనను వెలివేసినట్లు చూచినది ఆయన చుట్టునున్న సంప్రదాయపరులే. రాత్రివేళ గోలచేయు యువకులతో ఆయన వాదమునకు దిగిన ఘట్టమునందును ఒక మర్మమున్నది. వారి పాటను ఆయన మొదట విని, దానినే స్వరములలో పాడి చూపి, అటుపిమ్మట తన పాటను పాడుమని వారిని అడుగును. ఎదుటివాని పాటను వినకయే 'చెడినది' అను మన అలవాటునకు ఇది నేరుగా ఎదురు. చివరకు ఆయన తన గండపెండేరమును ఎవరి కాలికి అలంకరింపజేసెను? తులసి కుమారునకు. తండ్రి పేరు చెప్పుకొనుటకు వీలులేని పిల్లవానికి. ఇది సంప్రదాయమును కాపాడుటయా, దాని వారసత్వపు పత్రమును తిరుగవ్రాయుటయా?

మన గ్రంథములలో రెండు గురుపీఠములు కలవు. ఛాందోగ్యోపనిషత్తునందు సత్యకామ జాబాలుడను బాలుడు తన తండ్రి ఎవరో ఎరుగడు. తల్లి చెప్పిన నిజమును దాచక గురువైన హారిద్రుమత గౌతమునకు విన్నవించును. నిజము పలికినవాడు గనుక గౌతముడు వానిని శిష్యునిగా స్వీకరించును. మహాభారతమునందు ఏకలవ్యుడు ద్రోణుని బొమ్మ ఎదుట నిలిచి విలువిద్య సాధించును. ద్రోణుడు వాని కుడిచేతి బొటనవ్రేలిని దక్షిణగా అడిగి పుచ్చుకొనును. రెండును మన సంప్రదాయమే. కావున 'సంప్రదాయమును కాపాడిరి' అని చెప్పుట అర్ధోక్తి మాత్రమే. ఏ సంప్రదాయమును? గౌతమునిదా, ద్రోణునిదా? విశ్వనాథ్ గారి ఉత్తమచిత్రములు ఈ ప్రశ్నకు సందిగ్ధము లేని సమాధానము చెప్పుచున్నవి. శంకరశాస్త్రి గౌతముని పీఠముపై కూర్చున్నవాడు. ద్రోణుని పీఠముపై కూర్చున్నవానిని గూర్చి ఆయన మరియొక చిత్రము తీసిరి. మన అభిమానులు దానిని గూర్చి అంతగా మాటాడరు.

అది 1992లో వచ్చిన 'స్వాతికిరణము'. అనంతరామశర్మ మహావిద్వాంసుడు, కీర్తి, గౌరవము, గయ్యాళితనము లేని ఇల్లాలు, అన్నియు కలవు. ఆయన వద్దకు గంగాధరమను బాలుడు శిష్యుడై వచ్చును. వాని ప్రతిభ గురువును మించును. శిష్యుని చేతిలో ఓడుటయే గురువునకు గెలుపని పెద్దలు చెప్పుదురు. శర్మ ఆ గెలుపును సహింపలేడు. తన ఉనికియే గురువును దహించుచున్నదని గ్రహించి ఆ పసివాడు ప్రాణము తీసికొనును. గురువు పేరిట, గురుభక్తి పేరిట, ఒక పిల్లవాడు చనిపోవును. తుదకు ఆ మహావిద్వాంసుడు గర్వమంతయు కోల్పోయి, భార్య నడుపు సంగీతపాఠశాలలో చిన్నపిల్లల నడుమ శిష్యునివలె కూర్చుండును. గురువును దైవముగా పూజించుమని నేర్పిన దేశమున, గురువే నేరస్థుడు కావచ్చునని ఇంత నిర్మొగమాటముగా చెప్పిన తెలుగు చిత్రము నేను మరియొకటి చూడలేదు. బడిపంతుళ్లమైన మేము, ఏటేట సెప్టెంబరు 5వ తేదీన పూలదండలు వేయించుకొనుటకు ముందు ఈ చిత్రమును ఒకసారి చూచుట మంచిది.

ఈ రెండింటి నడుమ మరికొన్ని నిలుచును. 'సాగరసంగమము'న బాలు తన్ను ద్వేషించిన పిల్లకే, తాను నిలువలేని స్థితిలో, నాట్యమును నేర్పి మరణించును. 'స్వయంకృషి'లో చెప్పులు కుట్టు సాంబయ్య ఒక పేదపిల్లను కష్టించి చదివించును. ఆమెపై అతనికి ఆశ కలదు. ఆమె మనసు వేరొకనిపై నున్నదని తెలిసినపుడు చదువునకు ప్రతిఫలము కోరక ఆమె పెండ్లి జరిపించును. ద్రోణుడు బొటనవ్రేలిని అడిగెను. సాంబయ్య ఏమియు అడుగలేదు. అక్షరములు రాని చెప్పులవాడు ఆచార్యుని కంటె గొప్ప గురువని చూపుటకు ఎంత సాహసము కావలెనో ఆలోచింపుడు. ఆ చిత్రమును మనము చిరంజీవి నటనకై జ్ఞప్తియందుంచుకొంటిమి. సాంబయ్య చేసిన పనిని మరచితిమి.

ఇంతవరకు పొగడ్తను సరిచేసితిని. ఇక విమర్శకు వత్తును. ఏలయన, మెచ్చినవాని లోపములను దాచుట మెచ్చుట కాదు, ముఖస్తుతి.

'సప్తపది'లో హేమ యాజులు గారి మనుమరాలు. ఆమె ప్రేమించినది హరిబాబను వేణువాదకుని, అతడు దళితుడు. పెద్దలు ఆమెను యాజులు గారి మనుమడైన గౌరీనాథునకిచ్చి పెండ్లి చేయుదురు. ధర్మశాస్త్రములు చదివినవారికి ఈ కథలోని తెగువ వెంటనే తెలియును. పైవర్ణపు పురుషుడు క్రిందివర్ణపు స్త్రీని చేసికొనుట అనులోమము. స్మృతులు దానిని ముఖము చిట్లించుకొనియైనను సహించినవి. దానికి విపరీతము ప్రతిలోమము. దానిని స్మృతులు ఘోరపాతకముగా నెంచినవి. 1938లో గూడవల్లి రామబ్రహ్మము గారు తీసిన 'మాలపిల్ల' ఈ విషయమున మార్గదర్శకము. చలం గారి కథ, తాపీ ధర్మారావు గారి సంభాషణలు, కాంచనమాల నటన కలిసి ఆనాడు తెలుగుదేశమును కదలించెను. కాని అందు బ్రాహ్మణ యువకుడు హరిజన బాలికను ప్రేమించును. నలువదిమూడేండ్ల తరువాత విశ్వనాథ్ గారు దానిని తలక్రిందులు చేసి, బ్రాహ్మణ బాలికను దళిత యువకునకు ఇప్పించిరి. స్మృతికారులు ఎక్కడ అన్నిటికంటె గట్టిగా తలుపు బిగించిరో అక్కడనే ఆయన తట్టిరి. ఆ చిత్రమునకు 1981వ సంవత్సరమునకు జాతీయ సమైక్యతకు గాను నర్గిస్ దత్ పురస్కారము లభించుట న్యాయమే.

కాని తలుపు ఎట్లు తెరువబడెను? పెండ్లినాటి రాత్రి గౌరీనాథునకు హేమయందు అమ్మవారు కనబడును. అందువలన ఆమె భార్య కాలేదు. అందువలన ఆమె 'నిర్మలముగా' మిగిలినది. అందువలన యాజులు గారు ఆమెను హరిబాబునకు అప్పగింపవచ్చును. అడ్డంకిని తొలగించినది హేమ నోటిమాట కాదు, దేవత. నేనీ చమత్కారమును అంగీకరింపలేను. హేమకు ఇష్టము లేని పెండ్లి జరిగినదనుట చాలదా? అమ్మవారు సాక్ష్యమీయనిచో ఆమె ఆ ఇంటిలోనే జీవితమెల్ల గడుపవలసినదేనా? ఒకవేళ ఆ రాత్రి గౌరీనాథునకు ఏ దర్శనమును కలుగకున్నచో, యాజులు గారి హృదయము మారియుండునా? ఈ ప్రశ్నకు చిత్రమున జవాబు లేదు. చూచి కన్నీరు కార్చిన పెద్దలకు ఈ ప్రశ్న తట్టకపోవుట ఆ చమత్కారము యొక్క ఫలమే. దేవత ఒప్పుకొన్న వర్ణాంతర వివాహమును అందరమును ఒప్పుకొందుము. మన పిల్ల తానై కోరినదానికి మాత్రము మనకు దేవత సాక్ష్యము కావలెను!

'స్వాతిముత్యము'లో ఇదే లోపము ఇంకను స్పష్టము. ఈ చిత్రము మన దేశపక్షమున ఆస్కారు పోటీకి పంపబడినది. దాని కీర్తి అందరు నెరిగినదే. లలిత బిడ్డగల వితంతువు. సీతారాముల కల్యాణవేళ, లోకజ్ఞానము లేని శివయ్య మంగళసూత్రమును తెచ్చి ఆమె మెడలో కట్టును. జనులు నివ్వెరపోవుదురు, చూచువారి కండ్లు చెమర్చును. కాని లలితను ఎవరడిగిరి? వితంతు వివాహమును శాసనము అనుమతించినది 1856లో. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును 1881 డిసెంబరు 11వ తేదీన జరిపించిరి. దానికై ఆయన శాస్త్రవాదము చేసిరి, బహిష్కారమును సహించిరి, బుద్ధిపూర్వకముగా చేసి, చేసినదానికి బాధ్యత వహించిరి. నూరేండ్లు గడచిన పిమ్మట మన తెరమీద అదే కార్యము బుద్ధి తక్కువవాని చేత, తెలియక, దేవుని పందిటిలో జరిగినది. తెలివిగలవాడు తెలిసి చేసినచో ప్రేక్షకుడు ఆగ్రహించునని భయమా? సంస్కారమును అమాయకుని చేతిలో పెట్టుట ప్రేక్షకుని బాధ్యత నుండి తప్పించుటయే. చిత్రపు ఉత్తరార్ధమున లలిత శివయ్యకు బ్రదుకు నేర్పును, అతనిని నిలబెట్టును; ఆ భాగమున ఆమె మనిషిగా ఎదుగుటను నేను కాదనను. కాని తాళి కట్టిన క్షణమున ఆమె బొమ్మయే.

కళావంతుల విషయమునను ఒక మాట చెప్పవలెను. తులసి తల్లిని చిత్రము కూతుం నమ్ముకొను దుష్టురాలిగా చూపును. తులసి శంకరశాస్త్రి పాదములనంటి తరించును. చివరి కచేరీకి పూనుకొన్నది ఆమెయే అయినను, ఆమె తెరచాటున నిలుచునుగాని ఆమె విద్యకు ఆ వేదికపై చోటు లేదు. చరిత్ర ఇందుకు భిన్నము. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధిపై మందిరమును తన ఆర్జనతో కట్టించినది దేవదాసీ కుటుంబమున పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ గారు. ఆ ఆరాధనలో స్త్రీలకు పాడు అర్హత లేదన్నపుడు ఎదిరించి నిలిచినదియు ఆమెయే. నృత్యమున బాలసరస్వతి గారు, గానమున ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు అట్టి కుటుంబములనుండియే వచ్చిరి. ఆ స్త్రీలు కళకు శరణార్థులు కారు, పోషకులు. వారిని పాదములకడ మాత్రమే నిలుపుట, ఎంత రమ్యముగా తీసినను, అన్యాయము.

అయితే విశ్వనాథ్ గారికి స్త్రీ నోటిమాట వినబడలేదని చెప్పుట కూడ తప్పు. 'శుభలేఖ'లో సుజాత చదువుకొన్న పిల్ల. పెండ్లిబేరములో కట్నపు లెక్కలు విని, ఎవరి అనుమతికిని వేచియుండక, వరుని తండ్రి ముఖముమీదనే తన మాట చెప్పి సంబంధమును త్రోసివేయును. దేవత రాలేదు, తాతగారు దీవింపలేదు. ఆమె పలికినది, నష్టపడినది, నిలిచినది. కట్నమును నిషేధించు శాసనము 1961లోనే వచ్చియున్నది. ఇరువదియొక్క సంవత్సరముల తరువాత సుజాత చేసినది శాసనము చెప్పినదానినే చేయుట. అదియే మనకు సాహసముగా కనబడెననిన, ఆ సిగ్గు మనదిగాని దర్శకునిది కాదు. 'శుభలేఖ' చేయగలిగిన పనిని 'సప్తపది' చేయకుండుట నాకు మిక్కిలి బాధాకరము.

ఇక్కడ మా ఒంగోలు నాటకరంగమునుండి వెళ్లిన టి. కృష్ణ గారిని స్మరించుట అవసరము. 1985లో ఆయన తీసిన 'ప్రతిఘటన'లో అధ్యాపకురాలైన కథానాయిక, నడివీధిలో అవమానింపబడి, ఎవరి సెలవును కోరక తానే నిలుచును. తుదకు గొడ్డలి చేపట్టును. గొడ్డలిని నేను సమర్థింపను. పంతులు చేయవలసిన పని అది కాదు. కాని ఆమె తరగతిగదిలో విద్యార్థులకు బుద్ధి చెప్పు ఘట్టమున పలుకుచున్నది ఆమెయే, ఆమె ద్వారా వేరొకరు కాదు. కృష్ణ గారు ముప్పదియారేండ్లకే, 1986లో, మరణించిరి. విశ్వనాథ్ గారి సౌందర్యదృష్టియు, కృష్ణ గారి తెగింపును ఒక్క చిత్రమున కలిసియుండిన ఎంత బాగుండెడిది! అట్టి చిత్రము తీయువాని కొరకు మనము ఇంకను ఎదురుచూచుచున్నాము.

కొందరు నన్ను ఇట్లు ఆక్షేపింపవచ్చును. "చిత్రము కళ, దానిని సంస్కరణ తూనికరాళ్లతో తూచుట ఏమి న్యాయము?" దీనికి జవాబు సులభము. ఈ విషయములను ఆయనపై ఎవరును బలవంతముగా రుద్దలేదు. కులమును, వైధవ్యమును, కట్నమును ఆయన తామే ఎన్నుకొనిరి. ఎన్నుకొన్న విషయమును ఎంతదూరము మోసిరని అడుగుట ప్రేక్షకుని హక్కు.

మరికొందరు మరింత బలమైన ఆక్షేపణ తేవచ్చును. "ఆయన ఛాందసులను సినిమాహాలు వరకు రప్పించి కూర్చుండబెట్టవలసియుండెను. హేమయే లేచి వెళ్లిపోయినచో వారు మొదటి రోజుననే టిక్కెట్టు చించి పారవేసెడివారు. యాజులు వంటి వృద్ధుడు మారుటను చూచినందుననే మన తాతలు కొంచెమైనను మెత్తబడిరి." ఇందు నిజము లేకపోలేదు. జె.వి. సోమయాజులు గారి ముఖమున ఆ మార్పు కలుగుచుండగా చూచి, తనలో తాను తర్కించుకొన్న వృద్ధుడు ఒక్కడున్నను ఆ చిత్రము తన పని చేసినట్లే. 1981లో అది ఉపాయమని ఒప్పుకొందును. కాని ఉపాయము పడవ వంటిది; ఆవలిగట్టు చేరుటకు ఎక్కవలెను. మనము నలువది ఏండ్లకు పైగా ఆ పడవలోనే కూర్చుండి, దాని చెక్కడపు పనిని మెచ్చుకొనుచున్నాము.

మూడవ పక్షమువారు వేరు. "ఇవన్నియు అగ్రవర్ణపు జ్ఞాపకాలు, పంచెల అంచుల చిత్రములు" అని ఒక్కమాటతో త్రోసివేయువారు. వారికి నా మనవి ఒక్కటే: 'స్వాతికిరణము'ను, 'స్వయంకృషి'ని చూచి, పిమ్మట తీర్పు చెప్పుడు. పండితుని దోషిగా, చెప్పులవానిని ఆచార్యునిగా నిలిపినవానిని ఆ ఒక్కమాటలో ఇముడ్చుట సాధ్యము కాదు. ఆయన పనిని అభిమానులు ఏ అరలో పెట్టి తాళము వేసిరో, ఈ నిందకులును ఆ అరలోనే పెట్టి తాళము వేయుచున్నారు.

ఈ వాదమంతయు సినిమాకబుర్లని తలపవలదు. మా చీమకుర్తి చుట్టునున్న గనులనుండి నల్లని గ్రానైటు తీయుదురు. నలుపులో బంగారుచుక్కలు మెరయు ఆ రాయికి వర్తకులు 'బ్లాక్ గెలాక్సీ' అని పేరు పెట్టిరి. సముద్రములు దాటి దేశదేశముల భవనములకు అది నేలయగుచున్నది. ఆ రాయిని కోయువారిలో పరరాష్ట్రములనుండి వచ్చిన కూలీలు పలువురు. వారి పిల్లలు, పొగాకు బేరనులలోను మిరపకోతలలోను పనిచేయువారి పిల్లలు, మన బడులలో చేరుచున్నారు. కొందరు పనులతోపాటు వచ్చి, పనులతోపాటు పోవుచున్నారు. తులసి కుమారుడనిన తెరమీది పిల్లవాడు మాత్రమే కాదు. మీ ఊరి బడిలో వెనుకబెంచీన కూర్చున్నవాడు. వాడు పాడగలడో, ఆడగలడో, లెక్కలలో నిన్ను నన్ను మించగలడో అడిగినవాడెవడు? గండపెండేరము వాని కాలికి తొడుగబడినపుడు తెర ముందు ఏడ్చిన మనము, వాడు మన పిల్లవాని ప్రక్కన కూర్చున్నాడని తెలిసినచో పిల్లవానిని వేరొక బడికి మార్చుచున్నాము. సంగీతము నేర్పించుటకు మన అమ్మాయిని పంపుచున్నాము. మన ఇంట అంట్లుతోము మనిషి కూతురు గుమ్మముకడ నిలిచి ఆ పాటనే కూనిరాగము తీయుచున్నచో, లోపలికి పిలిచి కూర్చుండబెట్టినవారు ఎందరు?

కావున గృహస్థులకు నా కోరిక ఇది. ఈసారి విశ్వనాథ్ గారి చిత్రము మీ ఇంట ప్రదర్శింపబడునపుడు పిల్లలను లేచిపోనీయకుడు. చివరివరకు చూచి, పిదప వారిని మూడు ప్రశ్నలు అడుగనిండు. ఈ కథలో విద్య ఎవరికి దక్కినది? అడ్డుపడినది ఎవరు? ఆ స్త్రీని ఎవరైనను ఆమె ఇష్టమేమని అడిగిరా? పెద్దలు జవాబు చెప్పవలెను. మొదటి ప్రశ్నకు దర్శకుడు మీకు సాయము చేయును. రెండవ ప్రశ్నకు మీ చుట్టములలోనే జవాబు దొరకును. మూడవ ప్రశ్నకు ఆయన చిత్రములలో కొన్నింట జవాబు కలదు, కొన్నింట లేదు. లేనిచోట మీరే చెప్పవలెను, మీ ఇంటి ఆడపిల్ల వినుచుండగా.

ఆయన మనకు అద్దము పట్టిరి. మనము అద్దపు చట్రములోని నగిషీని చూచి చప్పట్లు కొట్టితిమి. చప్పట్లు చాలించి, అందులో కనబడుచున్న ముఖమును చూచుట ఆయనకు మనము చేయగల మర్యాద.